చేతులు కలిస్తే వెలిగే దీపం

“కరెంటు జోలికి పోకు” అన్న మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మన ఇళ్లలో ఉండదు. ఫ్యూజు పోతే ఇంటాయన రావాలి, ఆయన లేకుంటే తమ్ముడు రావాలి, ఇద్దరూ లేకుంటే మెకానిక్కు రావాలి. అంతదాకా మనం కొవ్వొత్తి పట్టుకుని నిలబడాలి. పొద్దున లేచింది మొదలు మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్జు, వాషింగు మిషను అంటూ ఇంట్లో అందరికంటే ఎక్కువ కరెంటు వస్తువులు నడిపేది మనమే. వాటి లోపల ఏముందో తెలియనిదీ మనకే! మా మంథని నుంచి బస్సెక్కితే రామగుండం ఎంతో దూరం లేదు. 1978లో పునాదిరాయి పడి, 2,600 మెగావాట్లకు ఎదిగిన విద్యుత్ కేంద్రం అక్కడుంది. అంత కరెంటు పక్కన కాపురం చేస్తూ కూడా మాలో చాలామందికి టార్చిలైటు ఎందుకు వెలుగుతుందో తెలియదు.

ఈ భయంలో సగం న్యాయమైనదే. గోడలోని 230 వోల్టులు ప్రాణం తీయగలవు. మిగతా సగం మాత్రం అలవాటుగా అంటించిన భయం. గోడ కరెంటు వేరు, గడియారంలో వేసే సెల్లు వేరు. రెంటినీ ఒకే గాటన కట్టి మొత్తానికే దూరం జరగడంతో ఒక చక్కని కళ మన చేతికి అందకుండా పోతున్నది. ఈ రోజు ఆ కళ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఏమిటా కళ అంటారా? మనం బొమ్మ గీస్తే చూసేవాళ్లు చూసి వెళ్లిపోతారు. అట్లా కాకుండా, ముట్టుకుంటే పలికే బొమ్మ, దగ్గరికి వస్తే వెలిగే దీపం, చప్పట్లు కొడితే తల ఊపే చిలక ఉన్నాయనుకోండి. చూసేవాళ్లు చెయ్యి కలిపితేనే ఆ కళ పూర్తవుతుంది. దీన్ని ఇంటరాక్టివ్ ఆర్టు అంటున్నారు. మనం ‘బదులు పలికే కళ’ అనుకుందాం. నిజానికి ఇది మనకు కొత్తది కాదు. తంగేడు, గునుగు, బంతి, చేమంతి పేర్చి సిబ్బిలో పెట్టినంత మాత్రాన బతుకమ్మ అవుతుందా? చుట్టూ పదిమంది ఆడవాళ్లు చేరి, చప్పట్లు కొట్టి, పాడితేనే గదా అది బతుకమ్మ!

కరెంటుతో ఇలాంటి కళ చేసినవాళ్లలో మొదటి వరుసలో ఒక ఆడమనిషి ఉన్నది. జపాన్ దేశంలో అత్సుకో తనాకా అనే చిత్రకారిణి 1955లో, ఇరవై మూడేళ్ల వయసులో, ప్రదర్శనశాల గదిలో నేల మీద వరుసగా కరెంటు గంటలు పెట్టింది. వచ్చినవాళ్లు మీట నొక్కితే గంటలు ఒకదాని తర్వాత ఒకటి మోగుతూ దూరంగా పోయి మళ్లీ దగ్గరికి వచ్చేవి. గోడకు పటం లేదు, రంగు లేదు. నొక్కిన మనిషి, మోగిన గంట, ఇదే ఆ కళ. మరుసటి సంవత్సరం ఆమె రంగురంగుల కరెంటు బల్బులతో ఒక దుస్తు తయారు చేసి తానే తొడుక్కుంది కూడా.

ఇంకో మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. అదే హ్యాకింగు. పేపర్లలో బ్యాంకు డబ్బు కాజేసిన వార్తల పక్కన కనిపించే మాట కనుక అది దొంగతనమే అనుకుంటాం. కాని మొదట్లో ఆ మాటకు అర్థం వేరు. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో 1950ల చివర బొమ్మ రైళ్లు నడిపే విద్యార్థుల సంఘం ఒకటుండేది. ఉన్న వస్తువును విప్పి, తెలివిగా మార్చి, దానితో కొత్త పని చేయించడాన్ని వాళ్లు అట్లా పిలుచుకున్నారు. చిరిగిన చీరలతో బొంత కుట్టడం, పాల డబ్బాకు చిల్లులు పొడిచి జల్లెడ చేయడం మనకు తెలియదా? ఈ లెక్కన మన అమ్మమ్మలందరూ హ్యాకర్లే!

సరే, నేర్చుకోవడం ఎట్లా? మొదటి పాఠానికి కావలసినవి నాలుగే. రెండు పెన్సిలు సెల్లులు పట్టే ప్లాస్టిక్ పెట్టె, ఒక ఎర్ర ఎల్.ఇ.డి. దీపం, 100 ఓముల రెసిస్టరు ఒకటి, మూరెడు వైరు. ఎల్.ఇ.డి.కి రెండు కాళ్లుంటాయి. పొడుగు కాలు సెల్లు కూడిక గుర్తు వైపు, పొట్టి కాలు తీసివేత గుర్తు వైపు కలపాలి. తిరగేస్తే వెలగదు, అంతే. కుళాయి ధారకు వేలు అడ్డం పెట్టి ఉరవడి తగ్గించినట్టు, మధ్యలో ఉన్న రెసిస్టరు కరెంటును అదుపులో పెడుతుంది. దీపం వెలిగిందా? ఇప్పుడు వైరును ఒకచోట తెంపండి. రెండు కొసలకూ రొట్టెలు చుట్టే అల్యూమినియం కాగితం చుట్టండి. ఆ రెండు ముక్కలూ తాకితే వెలుగుతుంది, విడిపోతే ఆరుతుంది. స్విచ్చి అంటే గోడకున్న బుడిపె కాదు. విడిపోయిన రెండు లోహపు ముక్కలు కలవడమే స్విచ్చి. ఈ ఒక్క సంగతి మనసుకెక్కితే సగం విద్య వచ్చినట్టే.

ఇక మీ బుద్ధికొద్దీ బొమ్మలు చేయండి. అట్టముక్క మీద పిట్టను గీసి, రెక్క కింద ఒక కాగితపు ముక్క, ఒంటి మీద ఇంకో ముక్క అంటిస్తే, రెక్క ముడిచినప్పుడల్లా కన్ను వెలుగుతుంది. పిల్లల పాత కూత బొమ్మ మూలన పడి ఉంటే విప్పి చూడండి. అందులో బటను కలిపే రెండు చోట్లు కనిపిస్తాయి. వాటికి రెండు వైర్లు అతికి బయటికి తెచ్చి ఒకటి చెంచాకు, ఒకటి పళ్లేనికి కట్టండి. చెంచా పళ్లేనికి తగిలితే కుక్క మొరుగుతుంది! అన్నం తిననని మారాం చేసే పిల్లవాడు రెండు ముద్దలు ఎక్కువే తింటాడు.

అతకడం అంటే సోల్డరింగు. ఈ పేరు వినగానే వెనక్కి తగ్గనవసరం లేదు. ఇది మన టంకం పనే. కరీంనగరం వెండి తీగపని ఎంత ప్రసిద్ధమో మీకు తెలుసు. వెంట్రుకంత వెండి తీగను మెలిపెట్టి, పువ్వులా చుట్టి, టంకంతో అతికే పని అది. లోహాలన్నిటిలోకీ కరెంటును బాగా పోనిచ్చేది ఆ వెండే. ఆ పని చూసిన కళ్లకు ఈ రెండు వైర్లు అతకడం ఒక లెక్కా? కాకపోతే మామూలు టంకం తీగలో సీసం ఉంటుంది. కిటికీ తెరిచి చేయండి, పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి, వంట గిన్నెల దగ్గర పెట్టుకోకండి. గర్భిణులు ఆ పనికి దూరంగా ఉండటం మంచిది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా వాడకట్టులో బతుకమ్మ ఆడేచోట కొన్నేళ్లుగా పెద్ద పెద్ద డీజే పెట్టెలు వస్తున్నాయి. రికార్డు పాట మొదలైతే గుండెలు అదురుతాయి. ఇక మనం పాడేదేమిటి? పాడినా ఎవరికి వినబడుతుంది? ఒకామె ఎత్తుకుంటే పదిమంది అందుకునే పాటలు, పాడేవాళ్లతోనే తరిగిపోతున్నాయి. మాకు తెలిసిన ఒక పెద్దమ్మకు రాత్రంతా పాడినా అయిపోనన్ని పాటలు వచ్చు. రెండేళ్లుగా ఆమె అరుగు మీద చెవులు మూసుకుని కూర్చుంటున్నది. హైదరాబాదులో 2024లో మతపరమైన ఊరేగింపులలో డీజేలు వాడరాదని పోలీసులు ఆంక్ష పెట్టారు. కాని పోలీసులు పెట్టెను ఆపగలరు గాని మన గొంతు విప్పించలేరు గదా!

మా పక్కింట్లో అద్దెకున్న అమ్మాయి సెంటినరీ కాలనీలోని ఇంజనీరింగు కాలేజీలో చదువుతున్నది. “కరెంటు తప్పేముంది అత్తా, ఆ పెట్టె మనం చేసింది కాదు, అందుకే మన మాట వినదు. మన మాట వినేది మనమే చేసుకుందాం” అన్నది. అట్లా మేం ఏడుగురం ఆడవాళ్లం మధ్యాహ్నం వంటిళ్లు సర్దుకున్నాక కూర్చుని చేసిందే చేతులు కలిస్తే వెలిగే దీపం. మీరూ చేసుకోవచ్చు. పెన్సిలు పుచ్చుకోండి, చెబుతాను.

దీనికి ట్రాన్సిస్టరు కావాలి. మన పెద్దవాళ్లు చేతి రేడియోనే ట్రాన్సిస్టరు అనేవారు. నిజానికి అది రేడియో లోపలుండే మూడు కాళ్ల చిన్న వస్తువు. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టింది. చెరువు తూము దగ్గర ఒక్క మనిషి చేత్తో తిప్పితే నీళ్లు పొలాల మీదికి ఉరకవూ? ఇదీ అంతే. ఒక కాలికి చిటికెడు కరెంటు అందితే మిగతా రెండు కాళ్ల మధ్య పెద్ద ధార తెరుచుకుంటుంది. రెండు ట్రాన్సిస్టర్లను జోడిస్తే చిటికెడు కూడా అక్కరలేదు, రవ్వంత చాలు. మనిషి ఒంటి గుండా పోయే రవ్వంత కరెంటును పట్టుకోవడానికి ఆ జోడీ సరిపోతుంది.

కావలసినవి ఇవి. బి.సి. 547 రకం ట్రాన్సిస్టర్లు 2, ఎర్ర ఎల్.ఇ.డి.లు 9, వాటికి ఒక్కొక్కటి చొప్పున 1,000 ఓముల రెసిస్టర్లు 9, లక్ష ఓముల రెసిస్టరు 1, తొమ్మిది వోల్టుల బ్యాటరీ 1, రెండు రాగి చెంబులు. చెంబులు ఇంట్లోవే. తక్కినవన్నీ టీవీ బాగుచేసే దుకాణంలో గాని, హైదరాబాదు వెళ్లినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో గాని దొరుకుతాయి. ట్రాన్సిస్టరు, ఎల్.ఇ.డి. ఏదైనా ఒక్కొక్కటి కొద్ది రూపాయలే.

ట్రాన్సిస్టరు చదును ముఖం మీ వైపు పెట్టుకుంటే ఎడమ నుంచి మొదటి కాలు కలెక్టరు, నడిమిది బేసు, చివరిది ఎమిటరు. మొదటి ట్రాన్సిస్టరు ఎమిటరును రెండోదాని బేసుకు కలపండి. రెండింటి కలెక్టర్లనూ ఒకటిగా కలిపి దీపాల పొట్టి కాళ్లన్నిటికీ తగిలించండి. ఒక్కొక్క దీపం పొడుగు కాలు తన రెసిస్టరు గుండా బ్యాటరీ కూడిక కొసకు పోవాలి. రెండో ట్రాన్సిస్టరు ఎమిటరు తీసివేత కొసకు. ఇక మిగిలింది చెంబులు. ఒక చెంబును కూడిక కొసకు, రెండో చెంబును లక్ష ఓముల రెసిస్టరు గుండా మొదటి ట్రాన్సిస్టరు బేసుకు కలపండి. అయిపోయింది.

ఒక చేయి ఈ చెంబు మీద, ఒక చేయి ఆ చెంబు మీద పెడితే తొమ్మిది దీపాలూ వెలుగుతాయి. చెంబులను దూరం జరిపి ఇద్దరు చేతులు పట్టుకుంటే అప్పుడూ వెలుగుతాయి. నలుగురు, పదిమంది పట్టుకున్నా వెలుగుతాయి. గొలుసు పొడుగైన కొద్దీ వెలుతురు కాస్త మందగిస్తుంది. అప్పుడు చేతులు తడి చేసుకుంటే మళ్లీ పుంజుకుంటుంది. మన ఒంటి గుండా పోయే కరెంటు ఒక ఆంపియరులో పదివేల వంతుకు కూడా చేరదు, చీమ కుట్టినంతైనా తెలియదు. 1746లో ఫ్రాన్సు రాజు ఎదుట నోలే అనే పండితుడు 180 మంది సైనికులను చేతులు పట్టుకుని నిలబెట్టి, కూడబెట్టిన విద్యుత్తును వాళ్ల గుండా ఒక్కసారిగా వదిలితే అందరూ ఒక్కమారుగా ఎగిరిపడ్డారట! మనది అటువంటి పని కాదు.

దీపాల వలయాన్ని పూలలో దూర్చకుండా, సిబ్బి కింద పీట చుట్టూ అమర్చాం. చెంబులను వాకిట్లో ఈ కొసకొకటి, ఆ కొసకొకటి పెట్టాం. పీట మీద తీగలు చూడగానే “గౌరమ్మకు కరెంటేమిటే?” అన్నారు పెద్దవాళ్లు. ప్రమిదకు నూనె ఎట్లాగో దీనికి సెల్లు అట్లాగే అంటే ఊరుకున్నారు. అందరం చేతులు పట్టుకుని నిలబడ్డాం గాని అవతలి చెంబు ఒక్క మనిషి దూరంలో ఆగిపోయింది. మగవాళ్లను పిలుద్దామా అంటే ఇది ఆడవాళ్ల ఆట. భర్త పోయినప్పటి నుంచి ఒకామె వాకిలి పక్కన నిలబడి చూడటమే గాని ఆటలోకి రావడం లేదు. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. ఇందాకటి పెద్దమ్మే అరుగు మీది నుంచి లేచి, “రావే బిడ్డా, చెయ్యి తక్కువైంది” అని ఆమెను చెయ్యి పట్టి తెచ్చి గొలుసులో నిలబెట్టింది. ఆమె వేళ్లు చెంబుకు తగలగానే దీపాలు వెలిగాయి. పిల్లలు కేక పెట్టారు. ఆ వెలుతురు చూస్తూ పెద్దమ్మ పాట ఎత్తుకున్నది. చేతులు వదిలితే దీపం ఆరిపోయింది. అయినా ఎవరికీ పట్టలేదు. చప్పట్లు మొదలయ్యాయి.

సోదరీమణులారా, నేను చెప్పదలచుకున్నది ఇంతే. కరెంటు దానంతటది మన పాటను మింగదు, మన పాటను కాపాడదు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాట వింటుంది. కొని తెచ్చిన పెట్టె ముందు మనం ప్రేక్షకులం. మనం చేసుకున్న దీపం ముందు మనం లేనిదే పని జరగదు.

ఇది మగవాళ్ల విద్య అనేవాళ్లకు జవాబు చెప్పడానికి ఎన్నో ఉదాహరణలున్నాయి. చంద్రుడి మీదికి మనుషులు వెళ్లి వచ్చిన అపోలో నౌకల కంప్యూటరు జ్ఞాపకశక్తిని 1960లలో అమెరికాలోని ఒక కర్మాగారంలో ఆడవాళ్లు అల్లారు. చిన్న చిన్న అయస్కాంతపు పూసల గుండా సూదితో తీగ దూర్చితే ఒకటి, పక్క నుంచి పోనిస్తే సున్న. సిరిసిల్ల మగ్గాలు ఎరిగిన మనకు ఈ లెక్క తెలియనిదా? 2007లో లియా బ్యూక్లే అనే ఆమె, బట్ట మీద దారంతో కుట్టుకోగల లిల్లీప్యాడ్ అనే చిన్న కంప్యూటరు బిళ్లను జనానికి అందించింది. దారం అంటే మామూలు దారం కాదు, కరెంటు పారే దారం. ఆ తర్వాత లెక్క తీస్తే, ఆ బిళ్లతో చేసి చూపిన వస్తువులలో దాదాపు మూడింట రెండు వంతులు ఆడవాళ్లు చేసినవే. సూది, దారం లేని మామూలు బిళ్లలతో చేసిన వాటిలో ఆడవాళ్లవి నూటికి రెండు మూడే. తెలివి మారలేదు, చేతికి అలవాటైన పనిముట్టు దొరికింది, అంతే తేడా.

రాజస్థాన్‌లో తిలోనియా గ్రామంలోని బేర్‌ఫుట్ కాలేజీలో చదువురాని అమ్మమ్మలు సూర్యరశ్మి దీపాలను విప్పి బిగించడం నేర్చారు. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన అవ్వలు భాష రాకపోయినా, రెసిస్టరు మీది రంగుల గీతలు గుర్తుపట్టి ఆరు నెలల్లో నేర్చుకుని వెళ్లారు. అంత దూరమెందుకు, జహీరాబాదు దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలయింది. పొలం పని చేసుకునే దళిత మహిళలు మైకు ముందు కూర్చోవడమే కాదు, రికార్డింగు, మిక్సింగు కూడా తామే చేశారు. ఊరి పాటలు ఊరి గొంతుతోనే ప్రసారం చేశారు.

పాటల మాట వచ్చింది గనుక ఇంకొక చిన్న వస్తువు చెబుతాను. ఐ.ఎస్.డి. 1820 అనే పేరుతో అగ్గిపెట్టెంత పలక అమ్ముతారు. ఒక బటను నొక్కి పట్టుకుని మాట్లాడితే పది సెకన్ల మాట అందులో నిలుస్తుంది. సెల్లులు తీసేసినా చెరగదు. మీ అత్తమ్మదో, అమ్మదో ఫొటో పటం వెనక దాన్ని అమర్చి, వినిపించే బటను నుంచి రెండు తీగలు ముందుకు తెచ్చి, పటం అంచున రెండు ఇత్తడి గుండీలకు కట్టండి. మనవరాలు ఆ గుండీల మీద ఒక రూపాయి బిళ్ల ఆనిస్తే నాయనమ్మ పాట చరణం ఒకటి పలుకుతుంది. పది సెకన్లు తక్కువే. కాని ఒక చరణం విన్న పిల్ల రెండోది ఏమిటని అడుగుతుంది. అడగడమే గదా మనకు కావలసింది!

ఇక కొన్ని జాగ్రత్తలు. ఈ విద్యలో మీరు వాడేది సెల్లు మాత్రమే. చెంబుల దీపానికి చార్జరు గాని, గోడకు పెట్టే అడాప్టరు గాని ఎన్నడూ తగిలించకండి. గోడకు పెట్టే వస్తువు దేన్నీ విప్పకండి, ప్లగ్గు తీసినా సరే, టీవీ వంటి వాటిలో కరెంటు కొంతసేపు దాగి ఉంటుంది. పండగలకు వేసే సీరియల్ సెట్లలో బల్బులు ముద్దుగా కనిపిస్తాయి గాని చాలా వాటి తీగల్లో పారేది గోడ కరెంటే. బొమ్మల్లో వేసే బటన్ సెల్లు చూడటానికి బిళ్లలా ఉంటుంది. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతు కింది గొట్టాన్ని కాల్చివేయగలదు. పసిపిల్లలున్న ఇంట్లో వాటి బదులు పెన్సిలు సెల్లులే వాడండి. ఎవరైనా మింగినట్టు అనుమానం వచ్చినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. బతుకమ్మను నీళ్లలో వదిలే ముందు దీపాల వలయం, బ్యాటరీ మరచిపోకుండా తీసి ఇంటికి తెచ్చుకోండి. నీళ్లలోకి పోవలసింది పూలే.

ఇంత నేర్చాక మీ అమ్మాయికి ఇంకా ముందుకు పోవాలనిపిస్తే దారి ఉంది. 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో, ఎలక్ట్రానిక్సు చదవని కళా విద్యార్థుల కోసమే ఆర్డ్యునో అనే బిళ్లను తయారు చేశారు. దానితో చప్పట్లను లెక్కపెట్టించవచ్చు, పాటకు తగ్గట్టు దీపాలు ఆడించవచ్చు. మన హైదరాబాదులో 2023 మార్చి 2న టి-వర్క్స్ అనే పెద్ద పనిశాల ప్రారంభమయింది. సొంత ఆలోచనను వస్తువుగా చేసి చూసుకోవడానికి కావలసిన యంత్రాలు అక్కడున్నాయి. అబ్బాయిని పంపి అమ్మాయిని ఇంట్లో ఉంచకండి.

ఈ వారం మధ్యాహ్నం ఒక గంట తీరిక చేసుకుని, రెండు సెల్లులు, ఒక ఎర్ర దీపం తెచ్చుకుని మొదటి పాఠం మొదలుపెట్టండి. పక్కింటి వదినెనూ పిలవండి. తీగ పట్టుకోవడానికి ఎట్లాగూ రెండో చెయ్యి కావాలి.